మూడో నక్షత్రం

టిక్… టిక్… టిక్.

పొద్దుటి ఎండ కిటికీ దాటి తలుపు మీద పడగానే చెక్క మేలుకుంటుంది. వెచ్చబడిన ముక్క ఒళ్ళు విరుచుకుంటుంది. పక్క ముక్క కాస్త జరిగి చోటిస్తుంది. ఆ జరగడంలో పుట్టే చప్పుడది — గోటితో గోరు మీటినంత చిన్నది.

ఆ చప్పుడు వినగలిగినవాళ్ళు ఈ పనిశాలలో ఇద్దరే. ముసలి మేస్త్రి, ఆయన కూతురు. మేస్త్రికి చెవులు మందగించాయి. కనుక ఇప్పుడు ఒక్కరే.

చిన్నప్పుడు ఆమెను చెవులపిల్లీ అని పిలిచేవాడు. నలభై రెండేళ్ళు నిండినా అదే పిలుపు. బయటివాళ్ళ ముందు వద్దు నాన్నా అని బతిమాలితే ఇంకాస్త గట్టిగా పిలిచేవాడు.

తలుపంటే పూర్తి తలుపు కాదు. ఐదు వందల ఏళ్ళ నాటి మసీదు తలుపుకు మిగిలిన ఒంటి రెక్క.

నాలుగు వందల పన్నెండు ముక్కలు. పది కోణాల నక్షత్రాలు, వాటి మధ్య ఇరుక్కున్న చిన్నా పెద్దా పలకలు. ఒక్క మేకు లేదు. ఒక్క చుక్క జిగురు లేదు. ఒకదాని అంచున గాడి, ఇంకోదాని అంచున నాలుక. నాలుక గాడిలోకి దూరుతుంది, అంతే.

దూరుతుంది గానీ బిగుసుకోదు.

వానలకు చెక్క ఉబ్బుతుంది. పొడి గాలికి ముడుచుకుంటుంది. ప్రతి ముక్కకూ వెంట్రుకవాసి చోటు వదిలితే ఎన్ని వందల ఏళ్ళైనా ఉంటుంది. వదలకపోతే చీలుతుంది. అందుకే పని అయ్యాక ప్రతి ముక్కనూ వేలి కణుపుతో తట్టి వినాలి. వదులుగా ఉన్న ముక్క టిక్ మంటుంది. ఊపిరాడని ముక్క మొద్దులా పడి ఉంటుంది.

అక్రోటు చెక్క కొండల అవతలి దేశానిది. నల్ల చేవ కర్ర సముద్రం దాటి వచ్చింది. నక్షత్రం నడిమి తెల్ల చుక్క ఏనుగు దంతం… ఆ ఏనుగు ఏ అడవిలో తిరిగిందో ఎవరికీ తెలియదు. మరి నక్షత్రం ఎవరిది? ఒక దేశంలో అది గోడ మీది నీలి పలక. ఇంకో దేశంలో పాలరాతి జాలీ. మరోచోట పుస్తకం అట్ట మీది బంగారు గీత. ఒకరి ముఖం ఒకరు చూడని చేతులు, పేరు రాసుకోని చేతులు, అదే నక్షత్రాన్ని గీసుకుంటూ పోయాయి.

ఒకసారి ఎక్కడో పడమటి దేశం నుంచి సున్నపు పని మేస్త్రి ఒకాయన వచ్చాడు. ఆయన మాట వీళ్ళకు రాదు, వీళ్ళ మాట ఆయనకు రాదు. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూసి వెర్రి నవ్వులు నవ్వుకున్నారు. తర్వాత ముసలి మేస్త్రి సుద్దముక్క తీసి బల్ల మీద సగం నక్షత్రం గీశాడు. సుద్దను అవతలికి జరిపాడు. ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మిగతా సగం గీశాడు.

గీత గీతకు కలిసింది.

ఆ బల్లను నెల రోజులు ఎవరినీ తుడవనివ్వలేదు మేస్త్రి. దాని మీద పని చేయవలసి వచ్చినా నేల మీద కూర్చునే చేశాడు.

తలుపు రెండో రెక్క సముద్రం అవతల ఉంది. నూట నలభై ఏళ్ళ కింద ఎవరో కొనుక్కుపోయారు. ఇప్పుడొక మ్యూజియంలో గోడకు ఆనించి నిలబెట్టారు. ఇక్కడి రెక్క అంచున ఏడు సగం నక్షత్రాలు. అక్కడి రెక్క అంచున ఏడు సగాలు.

ఆ రెండూ మూడు నెలలపాటు పక్కపక్కన నిలబడతాయని కబురొచ్చింది. దేశదేశాల నక్షత్రాలన్నీ — పలకలు, జాలీలు, పుస్తకాల అట్టలు — ఆ మ్యూజియంలోనే ఒకే చోట పెడుతున్నారట. నడుమ ఈ తలుపు. ఈలోగా ఇక్కడి రెక్కను బాగుచేయాలి.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కసారి కలిస్తే చాలు తల్లీ. ఇక నాకేం వద్దు."

ఇక నాకేం వద్దు అని ఆయన అనడం ఆమె ఎన్నడూ వినలేదు. టీలో చక్కెర తగ్గినా ఊరుకునే మనిషి కాదు.

కానీ చేతులు… చేతులు వణుకుతున్నాయి. ఏడాదిగా మతిమరుపు కూడా. ఉలిని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి, ఇల్లంతా వెతికించి, దొంగలు పడ్డారని కేకలు వేశాడు. ఒక్కోసారి కూతుర్ని అక్కా అని పిలుస్తాడు. ఆయన అక్క పోయి ముప్పై ఏళ్ళైంది. మొదట్లో ఆమె సరిదిద్దేది. తర్వాత పలకడం మొదలుపెట్టింది.

పనంతా ఆమే చేసింది. పై నుంచి మూడో నక్షత్రం తప్ప.

అది నేనే చేస్తానన్నాడు. నాన్నా, చెయ్యి నిలవడం లేదు కదా అంది. అంతే — ఆయనకు ముక్కు మీద కోపం.

"నాకా చెప్తున్నావు? నీకు ఉలి పట్టుకోవడం నేర్పింది ఎవరు? పో, బయటికి పో. అయ్యాక పిలుస్తా."

రెండు రోజులు పనిశాల తలుపు వేసుకున్నాడు. రెండో రోజు సాయంత్రం పిలిచాడు. నక్షత్రం ఎంత చక్కగా కుదిరిందంటే, ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మురిపెంలో పడి తట్టి చూడడం మర్చిపోయింది. ఈ పని తెలిసిన ఎవరూ మర్చిపోనిది.

రెక్కను తీసుకుపోయే రోజు. వాకిట్లో లారీ. పెట్టె సిద్ధం. మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని పెళ్ళికి వచ్చినవాడిలా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆమె చివరిసారిగా పై నుంచి కిందికి తడుతూ వచ్చింది.

టిక్. టిక్. టిక్.

మూడో నక్షత్రం దగ్గర — ఏమీ లేదు.

మళ్ళీ తట్టింది. చెవి ఆనించి తట్టింది. పది కోణాలూ, పదీ మూగే. అంచున సూదిమొనంత మెరుపు. గోటితో గీకి వాసన చూసింది.

జిగురు.

వణికే చేతిలో ముక్కలు నిలవక, నిలిచినట్టు కనిపించడానికి… ఆయన. జిగురు డబ్బా గుమ్మంలోకి కూడా రానివ్వని ఆయన.

ఊడదీయాలంటే చుట్టూ ఉన్న పాత ముక్కలు విరుగుతాయి. చెబితే రెక్క ఇక్కడే ఆగిపోతుంది. ఇంకెప్పుడు కలుస్తాయి? ఆయన ఉండగా కలవవు.

మెల్లగా కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, ఆ మూడో నక్షత్రం…"

"చూశాను తల్లీ. భలే చేశావు. నేనైనా అంత బాగా చేసేవాణ్ణి కాదు."

ఆయన కళ్ళల్లో అబద్ధం లేదు. ఆయనకు నిజంగానే గుర్తులేదు. ఇక అడగడానికి ఎవరున్నారు?

లారీవాళ్ళు ఎత్తమంటారా అని అడిగారు.

ఆమె గోటికి అంటిన జిగురును తుడిచేసింది. ఏమో, నిలుస్తుందేమో… అక్కడి గాలి మెత్తగా ఉంటుందేమో. మూడు నెలలే కదా. ఎత్తండి అంది.

రెండు రెక్కలూ కలిశాయని ఫోటో పంపారు. ఏడు నక్షత్రాలు నిండుగా. మేస్త్రి ఆ ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు. వేలు తగిలి ఫోటో పోయినప్పుడల్లా కంగారుగా ఆమెను కేకేసేవాడు. ఆమె వచ్చి మళ్ళీ తెచ్చిపెట్టేది.

ఆ హాల్లో చలికి వేడిగాలి పెడతారు. పొడి గాలి.

నాలుగు రోజులు కలిసి ఉన్నాయి.

ఐదో రోజు మ్యూజియం అమ్మాయి ఫోన్ చేసింది. కూతురి చేతిలో ఉలి ఉంది, అందుకని స్పీకర్‌లో గట్టిగా పెట్టింది. పక్కనే మేస్త్రి చిత్రిక పట్టిన చెక్క పొట్టును ఏరి బుట్టలో వేస్తున్నాడు.

"పగిలిందండీ. పై నుంచి మూడో నక్షత్రం దగ్గర మొదలై అంచు దాకా చీలింది. రెక్కను తీసి పడుకోబెట్టారు. ఇక్కడి మేస్త్రిగారు తట్టి చూసి… ఏమంటున్నారంటే… అందులో జిగురు ఉందట. మీవాళ్ళు అలా చేయరే, ఎందుకు పెట్టారని అడుగుతున్నారు. కోపంగా కాదండీ. ఆయన ఏడుస్తున్నారు."

సముద్రం అవతల ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ముఖం తెలియని ఆ మనిషి కూడా తట్టి వినేవాడే.

ఆమె మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేసింది.

"జిగురా?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. పొట్టు కాళ్ళ మీద రాలింది.

"జిగురు అన్నదే ఆ పిల్ల. మన తలుపులోనా? ఏ వెధవ పెట్టాడు జిగురు?"

ఆమె తలవంచుకుంది.

"చెప్పవేం? ఇక్కడ నువ్వూ నేనే కదా ఉన్నది. నేను పెట్టను. చచ్చినా పెట్టను. మరి…"

ఆగాడు. కూతుర్ని చూశాడు.

"నువ్వా?"

కాదు అనాలి. ఒక్క మాట. కానీ కాదంటే మిగిలేది ఆయనొక్కడే. అవును అనడమూ ఆమెకు చేతకాలేదు. ఇన్నేళ్ళ పనిలో జిగురు డబ్బా ముట్టని చేతులు ఆమెవి. ఆ చేతుల కోసం కూడా ఆమెకు ఏడుపొచ్చింది.

మేస్త్రి ముఖంలో కోపం లేచింది. లేచినంత వేగంగానే దిగిపోయింది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి ఆమె చేతిలోంచి ఉలి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆమె చేతుల్లోకి పాకి, ఎవరి చేతులు వణుకుతున్నాయో తెలియకుండా పోయింది.

ఆయన వంగి ఆ వేళ్ళను చూశాడు.

"చెయ్యి నిలవలేదా తల్లీ?" అన్నాడు మెల్లగా. "ముక్కలు పడిపోతాయని భయమేసిందా?"

ఆమె తలూపింది.

"పోన్లే. ఏడవకు."

వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేనెవరికీ చెప్పనులే."