నా వెనక మూడు టన్నులు

నేను ఒక వీల్ లోడర్‌ని. పసుపు రంగు, నాలుగు పెద్ద చక్రాలు, ముందు రెండు ఇనుప కొమ్ములు. చీమకుర్తి దగ్గర ఒక నల్లరాయి క్వారీలో పన్నెండేళ్లుగా రాళ్లు మోస్తున్నాను. నా స్థానంలోకి కొత్త బండిని ఎలా ఎంచుకున్నారో చెబుతాను. పెళ్లిచూపులన్నీ నా ఎదుటే జరిగాయి కాబట్టి ఎవరినీ అడిగి తెలుసుకోవలసిన పని లేదు.

ఫ్యాక్టరీలో నేను తయారైన రోజే నా పక్కన ఒక రేకు బిళ్ల కొట్టారు. పద్నాలుగు టన్నులకు మించి ఎత్తించకూడదని దాని మీద రాసి ఉంది. మనుషులకు అలాంటి బిళ్ల ఉండదు. అందుకే పాపం మోయలేనివన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతుంటారు. మొదట మూడేళ్లు ఓడరేవులో బొగ్గు ఎత్తాను. తర్వాత ఈ క్వారీ యజమాని శేషగిరిరావుగారు నన్ను కొని తెచ్చి, బకెట్ విప్పేసి, రాతి దిమ్మెల కోసం కొమ్ములు బిగించారు. నన్ను నడపడానికి కాశింపీరా వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. క్వారీలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న డ్రైవర్‌ని నేను మరొకరిని చూడలేదు.

మా క్వారీలో పెద్ద దిమ్మె అంటే పద్దెనిమిది టన్నులు. మొదటిసారి దాన్ని ఎత్తబోయినప్పుడు నా వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. పీరా సీట్లోనే ఉన్నాడు. చూస్తున్నవాళ్లు తలోదిక్కుకు పరుగెత్తారు. పీరా కంగారు పడకుండా కొమ్ములు మెల్లగా దించి బతికి బయటపడ్డాడు, నన్నూ బతికించాడు. ఆ రోజు నుంచి పెద్ద దిమ్మె వచ్చినప్పుడల్లా ఒంగోలు నుంచి క్రేన్ వచ్చేది. క్రేన్ వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు. నాకంటే పీరాకే ఎక్కువ మండేది.

ఆ ఏడు దసరాకు క్వారీకి మూడు రోజులు సెలవిచ్చి, రావుగారు కుటుంబంతో కాశీ వెళ్లారు. ఆ మూడు రోజుల్లో పీరా ఒక వెల్డర్‌ని పట్టుకొచ్చి, రాళ్లను కంకర కొట్టే క్రషర్‌లో అరిగిపోయిన ఇనుప దవడలు తెచ్చి నా వెనక భాగంలో పేర్పించాడు. మొత్తం మూడు టన్నులు. పైన రేకు వేసి, అతుకులు నున్నగా సానపట్టి, పసుపు రంగు కొట్టించాడు. కొమ్ములకు ఎత్తే బలం పెరిగేలా నూనె ఒత్తిడిని పట్టి ఉంచే మర కూడా ఒక చుట్టు బిగించాడు. వెనక బరువు పెరిగితే ముందు బరువుకు లేవను కదా, అదీ ఆయన లెక్క.

రావుగారు తిరిగొచ్చాక, ఈసారి ఎత్తి చూపిస్తానని పీరా అనడంతో, నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పెద్ద దిమ్మె ఎత్తమన్నారు. ఎత్తాను. పీరా కిందికి దిగి, "సార్, ఒక మాట..." అని నోరు తెరిచేలోపు మెడలో దండ పడింది. "నీ చెయ్యి చెయ్యి కాదయ్యా పీరా!" అన్నారు రావుగారు. చుట్టూ చప్పట్లు. దండ మెడలో ఉండగా నిజం చెప్పడం ఎవరికైనా కష్టమే. పీరా నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత చుట్టుపక్కల ఏ క్వారీలో కొత్త బండి దిగినా మొదట తాళం తిప్పడానికి పీరానే పిలిచేవాళ్లు. ఆయన చేతిలో మహిమ ఉందట. ఆయుధ పూజకు నా వెనక రేకు మీదే పసుపు రాసి బొట్లు పెట్టేవాళ్లు. లోపల ఉన్నది క్రషర్ దవడలని తెలియక వాటికి పదకొండేళ్లు హారతి ఇచ్చారు. నాకు నవ్వొచ్చేది. చెప్పడానికి నాకు ఉన్నది హారన్ ఒక్కటే, అది కూడా చాలాకాలంగా మూగబోయింది.

ఇప్పుడు నా ఇంజన్ పొగ కక్కుతోంది. పీరా మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. ఇద్దరికీ ఒకేసారి విశ్రాంతి ఇద్దామనుకున్నారు రావుగారు. కొత్త బండి మీదికి ఏసోబును అనుకున్నారు. ఏసోబు ఎనిమిదేళ్లు పీరా దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పీరా మాటంటే అతనికి వేదవాక్కు.

లోడర్ల కంపెనీ నుంచి మృదుల అనే ఇంజనీరు వచ్చింది. రావుగారు నన్ను చూపించి, అచ్చం ఇదే మోడల్ కావాలన్నారు.

"సార్, ఈ సైజు బండి పద్దెనిమిది టన్నులు ఎత్తదండి. దీని పైది తీసుకోండి," అంది ఆ అమ్మాయి.

"ఏందమ్మా, పదకొండేళ్ల నుంచి ఎత్తతా ఉంటే! ఏదీ పీరా, ఒకసారి చూపిచ్చు!"

పీరా మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, ఎత్తి చూపించాడు. మృదుల నన్ను చూసింది, చేతిలో పట్టిక చూసుకుంది, మళ్లీ నన్ను చూసింది. ఫోనులో లెక్క మూడుసార్లు వేసింది. నాలుగేళ్లు చదివిన చదువు మీద ఆ పిల్లకు అనుమానం వచ్చినట్టుంది. పీరా మాత్రం నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు మొదటిసారి నాకు ఆయన మీద కోపం వచ్చింది.

వారం తర్వాత నా మోడలే, సరికొత్తది, పరీక్షకు వచ్చింది. మిలమిలలాడుతోంది. దాని వెనక భాగంలో మాత్రం ఫ్యాక్టరీ పెట్టిన బరువు తప్ప ఏమీ లేదు. రావుగారు పద్దెనిమిది టన్నుల దిమ్మె చూపించారు. మృదుల చేతులు అడ్డం పెట్టింది. "బాధ్యత మాది కాదు సార్," అంటూనే ఉంది. "పీరా శిష్యుడమ్మా, నువ్వు చూస్తా ఉండు," అని రావుగారు నవ్వారు. ఏసోబు పీరా కాళ్లకు దణ్ణం పెట్టి, బండెక్కి, తాళం తిప్పాడు. కొమ్ములు దిమ్మె కిందికి వెళ్లాయి.

"దిగరా!"

పీరా అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఏసోబు అర్థంకాక ఇంజన్ ఆపాడు. పీరా సుత్తీ ఉలీ తీసుకుని నా దగ్గరకు వచ్చి, వెనక రేకు అతుకు మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయింది. అతుకు విడిపోయి, బొట్లతో సహా రేకు కింద పడింది. దవడలు బయటపడ్డాయి.

"నా చెయ్యి కాదు సార్. ఇదిగో, ఈ ఇనుము. మూడు టన్నులు. నేనే పెట్టిచ్చా. మేడం చెప్పిందే నిజం."

రావుగారు దగ్గరకొచ్చి ఆ ఇనుమును చేత్తో తట్టి చూశారు. "ఇన్నేళ్లూ ఈ సీట్లో కూర్చుంది నువ్వే గదయ్యా. నీకేమన్నా అయ్యుంటే?" అన్నారు.

"నాకు తెలిసి కూర్చున్నా సార్. వాడు తెలియక కూర్చున్నాడు."

అప్పుడు ఏడ్చాడు పీరా. నా మీద చెయ్యి వేసి, అందరి ముందూ ఏడ్చాడు. నేను యంత్రాన్ని, నాకు కన్నీళ్లు లేవు, ఉంటే నేనూ ఏడ్చేదాన్ని. లోపల ఏముందో తెలిసి కూడా, అదంతా నా బలమేనని నేనూ పదకొండేళ్లు మురిసిపోయాను మరి.

నెల తిరిగేసరికి మృదుల చెప్పిన పెద్ద బండి వచ్చింది. ఎర్రగా, నాకంటే చాలా ఎత్తుగా ఉంది. ఈసారి తాళం తిప్పమని పీరాను ఎవరూ పిలవలేదు. ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉండిపోదామనుకున్నాడట. ఏసోబే మోటార్‌సైకిల్ మీద వెళ్లి తీసుకొచ్చాడు. దిమ్మె ముందు బండి ఆపి, కిందికి దిగి, అందరూ వింటుండగా అడిగాడు.

"మామా, నువ్వు చెప్తేనే. ఎత్తమంటావా?"

పీరా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. బండి పక్కనున్న బిళ్ల దగ్గరకు వెళ్లి, వేలు పెట్టి అంకె అంకె చదివాడు. వెనక్కి వెళ్లి అంతా తడిమి చూశాడు. తర్వాత ఏసోబు భుజం తట్టాడు.

"ఎత్తరా. ఇది నిజంగానే ఎత్తుద్ది."

ఆ 'నిజంగానే' నాకు కొంచెం గుచ్చుకుంది. కానీ ఏసోబు మారు మాట్లాడకుండా వెళ్లి సీట్లో కూర్చోవడం చూశాక, ఏమీ అనుకోలేకపోయాను.