బియ్యపుగింజంత అయస్కాంతం

ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే ఆ కొట్టు బావది. చేయి మాత్రం మరదలిది. ఆమె ఉంగరపు వేలి కొసలో, చర్మం కింద, బియ్యపుగింజంత అయస్కాంతం పెట్టించుకుంది. కరెంటు పారే తీగచుట్టకు వేలు చేరువైతే గింజ లోపల సన్నగా వణికేది. పెట్టె విప్పకముందే జబ్బు చెప్పేసేది.

కస్టమర్లు బావను దాటి ఆమె దగ్గరికి నడిచేవారు. అది అతనికి కంట్లో నలుసైంది. ఒక రోజు కొట్టు నిండా మనుషులుండగా, "వేలు కోయించుకున్న పిచ్చిదండీ ఇది. విద్య నాది, నేర్పింది నేను. ఒక అయస్కాంతం ఉంగరం పెట్టుకుంటే నేనూ చెప్తాను" అని ఆమెను గడప దాటించాడు.

ఆమె గడప అవతల నిలబడి లోపలికి చూసింది. ఆ రోజు అక్కడున్నవాళ్ళు పన్నెండుమంది. ముఖం ముఖం గుర్తుపెట్టుకుంది.

ఆరు నెలలకు అక్క ఫోన్ చేసింది. "మీ బావ అయస్కాంతం ఉంగరం కొంటాడటే. ఎంతది కొనాలి?"

వేలు కోయించుకోక ముందు ఆమె నాలుగు నెలలు అయస్కాంతాన్ని చర్మం మీదే అంటించుకుని చూసింది. పైనున్నది చర్మాన్ని లాగుతుంది, నెడుతుంది. సన్నటి వణుకును నరానికి అందించదు. పెద్దదైతే ఇనుము కనబడగానే దూకుతుంది. అన్నీ తెలిసే, తేనె పూసిన గొంతుతో చెప్పింది. "ఎంత పెద్దదైతే అంత మంచిది అక్కా."

తర్వాత అచ్చు ప్రెస్సు యజమాని ఇద్దరినీ పిలిపించాడు. ఆ పన్నెండుమందిలో అతనూ ఒకడు. బల్ల మీద అయిదు ట్రాన్స్‌ఫార్మర్లు కరెంటు పారుతూ గుయ్‌మంటున్నాయి. "ఒకదాంట్లో తీగచుట్ట కాలింది. విప్పకుండా చెప్పినవాళ్ళకే ఇక్కడి పనంతా."

బావ ముందుకొచ్చాడు. చేయి చాచాడో లేదో, ఉంగరం టక్కున ఇనుప పెట్టెకు అతుక్కుంది. మధ్యలో వేలు నలిగింది.

"అబ్బా!"

"ఏమంటోందండీ?" అన్నాడు యజమాని.

"ఇదే... ఇదే బాగా లాగుతోంది!"

"లాగేది అయస్కాంతం బావా, జబ్బు కాదు. కాస్త జరుగు," అంది మరదలు.

జానెడు ఎత్తున వేలు ఆడించుకుంటూ వెళ్ళింది. నాలుగో దాని మీద ఆగింది. లోపల గింజ పిచ్చెత్తినట్టు గింజుకుంది. స్విచ్చి తీసి మూత విప్పారు. తీగ నల్లగా మాడి ఉంది.

పని ఆమెకే దక్కింది. బయటికొచ్చాక బావ వాచిన వేలు ఊదుకుంటూ, "కొట్టుకు వచ్చెయ్యి మరదలా. సగం నీది," అన్నాడు.

"సగం నాకెందుకు? ఆ రోజన్న మాట వెనక్కి తీసుకో. ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే."

తలుపు తీసి అతన్ని మళ్ళీ లోపలికి నడిపించింది. బావ నేల చూస్తూ గొణిగాడు. "విద్య మరదలిదేనండీ."

"వినపడలేదు బావా."

మళ్ళీ చెప్పాడు. మూడోసారి ప్రెస్సులో పనివాళ్ళందరూ తిరిగి చూసేలా చెప్పాడు. ఆమెకు కడుపు నిండలేదు.

"పద. ఇంకా పదకొండుమంది ఉన్నారు," అంది.