ముప్పై నాలుగు, ఎడమ కిటికీ

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా నిలబడు" అన్నాడు కుర్చీల బాబాయ్, భార్య నడుం చుట్టూ దారం తిప్పుతూ.

"బిగబట్టడానికి ఉంటేగా!" అంది ఆవిడ. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇంకో చెయ్యి ఆయన భుజం మీద వేసి నిలబడింది. ఆ భుజమే పొద్దున్నుంచి పీకుతోంది. ఆయన పైకి చెప్పలేదు.

దారానికి అప్పటికే రెండు ముళ్లున్నాయి. దారం చుట్టూ తిరిగొచ్చి కొసని కలిసేసరికి ఆ రెండు ముళ్లూ ఇంకా అవతలే మిగిలిపోయాయి. ఆయన కాసేపు దారం వంకే చూసి, కొత్త చోట మూడో ముడి వేసి, చుట్టచుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"చిక్కాను కదూ?"

"దారం సాగిందిలే. పాత దారం."

"అబద్ధాలాడితే ఆడావు గానీ, కళ్లు పక్కకి తిప్పి ఆడకు. పెళ్లినాటి నుంచీ ఇదే వేషం" అని ఆవిడ నవ్వబోయింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఆయాసం తగ్గేదాకా వీపు రాస్తూ నిలబడ్డాడు. ఆ తరవాత కేరేజీ పట్టుకుని పనిలోకి బయల్దేరాడు.

ఆయన పని విమానాల్లో సీట్లు బిగించడం. ఇన్నాళ్లలో ఆయన బిగించిన సీట్లన్నీ వరసగా పేరిస్తే, కాలు కింద పెట్టకుండా ఒక దాన్లోంచి ఒక దాన్లోకి జరుగుతూ చందమామ దాకా పోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు కాళ్లు బారజాపుకుని కూడా రావచ్చు. పాత సీటు ఊడదీసి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కితే చాలు, అందులో చివరగా కూర్చున్న మనిషి గుర్రుపెట్టి నిద్రపోయాడో, పెళ్లాంతో మాటల్లేక మూతి ముడుచుకు కూర్చున్నాడో చెప్పేసేవాడు. ఒకసారి ఒక సీటు నొక్కి, "ఈయన దిగేలోపు మనసు మార్చుకున్నాడ్రా" అన్నాడు. ఏ విషయంలో అని షెడ్డు షెడ్డంతా మీద పడి అడిగితే, "అది ఆయన సొంత విషయం" అని నట్టు బిగించుకుంటూ పోయాడు. అంతమందిని కూర్చోబెట్టిన మనిషి తను మాత్రం ఎగిరే విమానం ఎక్కిన పాపాన పోలేదు. అడిగితే, "నేనూ ఎక్కి కూర్చుంటే కిందుండి బోల్టులు బిగించేదెవడ్రా?" అనేవాడు.

ఇప్పుడాయన తాపత్రయమంతా ఒక్క సీటు గురించి.

సముద్రాలకి అవతల ఆవిడకో అక్క ఉంది. తల్లి పోతే చెల్లెల్ని చంకలోంచి దించకుండా పెంచిన అక్క. అక్కకి తుంటి విరిగి మంచం దిగట్లేదు, చెల్లెలికి ఊపిరాడక గుమ్మం దిగట్లేదు. ఫోన్లో, "నువ్వు రావే" అంటే "నువ్వే రా" అని పోట్లాడుకుని, ఇద్దరూ ఒకేసారి ఏడ్చి, ఇద్దరూ ఒకేసారి పెట్టేసేవాళ్లు. డాక్టరు తేల్చి చెప్పాడు. "ఎక్కడం ఒకసారి, దిగడం ఒకసారి అయితే పంపిస్తాను. మధ్యలో ఏదో ఊళ్లో దిగి, ఇంకో విమానం కోసం అడ్డంగా పరిగెత్తడం ఈ ఊపిరితిత్తుల వల్ల కాదు. అదీ ఈ చలికాలం లోపే. ఆ తరవాత వచ్చి నన్నడక్కండి."

అంత దూరం ఒక్క ఊపున పోయే విమానం కంపెనీకి లేదు. ఆయన అడిగాడనే కొన్నారేమో అన్నట్టు, ఆ యేడే మూడు కొత్తవి కొన్నారు. నడుం వాల్చకుండా సగం భూమి చుట్టొచ్చే రకం. లోపల బోడిగా వచ్చాయి, సీట్లు వేరే పెట్టెల్లో వచ్చాయి. తోకల మీద తలా ఐదక్షరాలు. మొదటి నాలుగూ మూడింటికీ ఒకటే, చివరిదే తేడా. ఏ, బీ, సీ.

ఆ సంగతి ఇంట్లో చెబితే ఆవిడ, "ముగ్గురికీ ఇంటిపేరు ఒకటేనన్నమాట" అంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అవి పెద్దది, నడిపిది, చిన్నది అయిపోయాయి. "పెద్దదానికి రంగులయ్యాయా?" "నడిపిదాని తలుపు ఇంకా మొరాయిస్తోందా?" అని సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే అడిగేది. పిల్లల్లేని ఇల్లు. ఆ మూడింటి కబుర్లతో పొద్దుపోయేది.

ఉద్యోగస్తుల ఇంట్లోవాళ్లకి కంపెనీ ఒక్క టిక్కెట్టు ఇస్తుంది. వచ్చే వారం నుంచి అక్క ఉన్న ఊరికి నేరుగా సర్వీసు. మొదటి రోజునే ఆవిడకి టిక్కెట్టు. ఆ ఊళ్లో మెట్ల దగ్గరికే చక్రాల కుర్చీ తెస్తామన్నారు. ఇక సీటు ఎంచడం ఆయన వంతు.

ముందు భాగంలో తలుపులున్న గదుల్లాంటి సీట్లు. వెనక్కి వాల్చితే మంచాలైపోతాయి. అవి డబ్బున్నవాళ్లవి. మధ్యలో కొంచెం వెడల్పువి. వెనకంతా మూడూ మూడూ మూడూ. ఆ వెనక భాగంలోనే ఆయన పెళ్లిసంబంధం చూసినట్టు ఒక్కో సీటూ చూశాడు. ఇది వంటగది పక్కన, గిన్నెల చప్పుడు. ఇది మరుగుదొడ్డికి ఆనుకుని, వాసన. ఇక్కడ కాళ్లకి పెట్టె అడ్డం. ఇంకో చోట పేరుకి కిటికీ సీటేగానీ పక్కన బోసి గోడ. ఆ సీటు ఇచ్చినవాణ్ణి తిట్టుకుంటూ పోవాల్సిందే. ఆఖరికి ముప్పై నాలుగో వరస, ఎడమవైపు కిటికీ సీటు కుదిరింది. తల తిప్పితే చాలు ఆకాశం. మరుగుదొడ్డికి ఆవిడ ఒక్క విడత ఊపిరిలో నడవగలిగినంత దూరం.

కానీ ఒక చిక్కుంది. ఆ రోజు ఆ ఊరికి ఏ అక్షరం విమానం పోతుందో ముందు రోజు దాకా ఎవరికీ తెలీదు. అందుకని ఆయన మూడింట్లోనూ ముప్పై నాలుగు ఎడమ కిటికీని తయారు చెయ్యాలని పూనుకున్నాడు. పెద్దదాన్లోనూ నడిపిదాన్లోనూ అయిపోయింది. కుషను మెత్తగా ఉన్నది ఏరి వేశాడు. వాల్చే మీట ఆవిడ వేళ్లకి లొంగేలా నూనె పెట్టాడు. చేతి కింద అంచు గుచ్చుకోకుండా అరచేత్తో తడిమి తడిమి చూశాడు. ఆఖర్న దారం తీసి, బెల్టు ఆవిడ నడుముకి సరిగ్గా సరిపోయేలా కుదించాడు. బెల్టు లాగి బిగించుకోవాలన్నా ఆవిడకి ఆయాసమే కదా.

జంటగా పనిచేసే పొడుగోడు చూసి పగలబడి నవ్వాడు. "ఒరే బాబాయ్, పెద్దది నిన్నటికే నాలుగు చోట్ల తిరిగొచ్చింది. నీ బెల్టుని ఈపాటికి ఏ బానపొట్టోడో బారెడు లాగేసుంటాడు!"

"లాగనీరా. చేసిపెట్టడం వరకే మన పని."

ఈ రోజు చిన్నదాని వంతు. ఈ పూట సీట్లయిపోతే సాయంత్రం షెడ్డులోంచి బయటికి లాగేస్తారు.

మెట్లెక్కుతుంటే ఆయనకి దవడ కూడా లాగింది. మధ్యమెట్టు మీద ఆగాడు.

"ఏంటి బాబాయ్, అత్తారింటి గుమ్మంలో అల్లుడిలా ఆగిపోయావ్?" అన్నాడు పొడుగోడు కిందనుంచి.

"పన్ను రా. పుచ్చిందేమో."

"నీకింకా పళ్లున్నాయా?"

"నిన్ను కరవడానికి రెండుంచుకున్నా. పద."

పొద్దుటంతా ఇద్దరూ వరసలు మోసుకొచ్చి పట్టాల్లో దించి బిగించారు. పొడుగోడు తల వంచి వంచి, వంచడం మరిచిపోయినప్పుడల్లా పై పెట్టెకి గుద్దుకుని, పెట్టెని చేసినవాడి వంశాన్ని తలుచుకున్నాడు. బాబాయ్ ప్రతి సీటు బిగించాక అందులో కూర్చుని కళ్లు మూసుకునేవాడు. అది ఆయన అలవాటు. కిర్రుమంటే లేచి మళ్లీ విప్పేవాడు. అనకపోతే సీటు భుజం తట్టి పక్కదాన్లోకి జరిగేవాడు. ముప్పై నాలుగు ఎడమ కిటికీకి మాత్రం దారంతో కొలిచి బెల్టు కుదించి, కూర్చుని చూడ్డం ఆఖర్న పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ వెనకనుంచి ఒక్కో బెల్టూ లాగి చూసుకుంటూ వచ్చి, అక్కడ ఆగింది.

"బాబాయ్, అన్నీ ఒక పొడవుండాలి. ఇదొక్కటీ ఏంటి, చంటిపిల్లకి పెట్టినట్టు?"

"ఎక్కే మనిషి సన్నం తల్లీ."

"ఎవరెక్కుతారో నీకెలా తెలుసు?"

ఆయన జేబులోంచి దారం తీసి చూపించాడు. మొదటి ముడి పెద్దదానిది, రెండోది నడిపిదానిది, ఇదిగో ఇది ఈ పొద్దుటిది. ఇన్‌స్పెక్టరమ్మ దారం పట్టుకుని, ముళ్ల మధ్య ఎడం చూసింది. రెండో ముడికీ మూడో ముడికీ మధ్య ఇంకా ఎక్కువుంది.

"డాక్టరేమన్నాడు?"

"అక్క మొహం చూస్తే తేరుకుంటుందని నేనన్నాను. ఆయన కాదనలేదు."

ఇన్‌స్పెక్టరమ్మ దారం తిరిగిచ్చేసింది. "నాకేం కనపళ్లేదు. నేనీ వరస చూసేశాను" అని ముందుకి నడిచింది. రెండడుగులేసి, వెనక్కి తిరక్కుండానే, "కిటికీ అద్దం మీద వేలిముద్రలున్నాయి, తుడువు" అంది.

భోజనం వేళకి పని అయిపోయింది. పొడుగోడు కేరేజీలు తేవడానికి కిందికి పోతూ, "రావేంటి బాబాయ్?" అన్నాడు.

"ఇదొక్కటి కూర్చుని చూసొస్తా. నువ్వు పద."

అద్దం తుడిచాడు. ముప్పై నాలుగు ఎడమ కిటికీలో కూర్చున్నాడు. కిర్రుమనలేదు. మీట రెండు వేళ్లతో నొక్కితే వెన్న మీద జారినట్టు వెనక్కి వాలింది. బెల్టు తన నడుముకి పెట్టుకోబోతే రెండు కొసలూ పొట్ట సగం కూడా దాటలేదు. పైకే నవ్వాడు. ఈ కాస్త చోటులో సరిపోతుందా ఆ మనిషి! పెళ్లయిన కొత్తలో ఇద్దరూ సైకిలు మీద పోతుంటే, వెనక చక్రం అణిగిపోయేది. "దిగి నడువు, లేకపోతే సైకిలు నన్ను మోయమంటుంది" అని ఏడిపించేవాడు.

కిటికీ రేకు పైకి తోశాడు. బయట షెడ్డు గోడా, గోడకి ఆనించిన చీపురూ తప్ప ఏమీ లేవు. కానీ ఆవిడ కూర్చునేసరికి అక్కడ మబ్బులుంటాయి. తను చూడని మబ్బులు. వచ్చాక చెబుతుంది. ఒకటికి పది కలిపి మరీ చెబుతుంది, ఆ విద్య తన దగ్గర నేర్చుకున్నదే.

భుజంలో పీకుడు చేతిలోకి దిగింది. కాసేపు కళ్లు మూసుకుంటే పోతుందనుకున్నాడు. అలవాటైన పనే కదా, కళ్లు మూసుకున్నాడు.

"బాబాయ్, అన్నం చల్లారిపోతోంది!" కిందనుంచి పొడుగోడు కేకేశాడు.

"ఊఁ" అన్నాడాయన.

పొడుగోడు ఇంకాసేపు చూసి, రెండు కేరేజీలూ పట్టుకుని పైకొచ్చాడు. ఈసారి పై పెట్టెకి తల గుద్దుకున్నా ఎవర్నీ తిట్టలేదు. బాబాయ్ తల కిటికీ వైపుకి వాలి ఉంది. ఒళ్లో రెండు చేతుల్లోనూ బెల్టు రెండు కొసలూ ఉన్నాయి, కలవకుండా.

సాయంత్రం పొడుగోడూ ఇన్‌స్పెక్టరమ్మా ఆ ఇంటికొచ్చారు. కేరేజీ బల్ల మీద పెట్టారు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి చాచి కేరేజీ ఎత్తి, మూత తియ్యలేదని బరువుని బట్టి తెలుసుకుంది. దారం చేతికిస్తే మూడో ముడిని బొటనవేలితో నిమిరింది.

"బెల్టు అయ్యిందా?"

"అయ్యిందమ్మా" అన్నాడు పొడుగోడు.

"ఎక్కడున్నాడు... అప్పుడు?"

ఆవిడ వాళ్ల మొహాలు మార్చి మార్చి చూసింది.

"నా సీట్లోనేనా?"

ఇన్‌స్పెక్టరమ్మ తలూపింది.

ఆవిడకి ఏడవడానికి చాలినంత ఊపిరి కూడా లేదు. కళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. చాలాసేపటికి, "హాయిగా ఉందన్నాడా?" అంది.

"కిర్రుమనలేదమ్మా" అన్నాడు పొడుగోడు. "నేను చూశాను. ఒక్క చప్పుడు లేదు."

వారం తిరిగింది. టిక్కెట్టు అలాగే ఉంది. అక్క ఫోన్ చేసి బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. "ఒక్కసారి నీ మొహం చూపించి పోవే."

"అది ఆయన సీటైపోయిందే అక్కా" అంది చెల్లెలు. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ అంది. "నేను కూర్చుంటే... ఆయన్ని లేపినట్టవుతుంది."

ఈసారి ఇద్దరూ పోట్లాడుకోలేదు. ఫోన్ కూడా ఎవరూ పెట్టెయ్యలేదు. చాలాసేపు ఒకరి ఊపిరి ఒకరు విన్నారు.

ఆ రోజు ఆ ఊరికి పోయింది చిన్నదే. తోక మీద చివరక్షరం సీ. అదే దాని మొదటి ప్రయాణం. ముందు రోజు ఇన్‌స్పెక్టరమ్మ ఆఖరిసారి బెల్టులన్నీ చూసి, ఎక్కువైనవి తగ్గించి, తక్కువైనవి పెంచి, ముప్పై నాలుగు ఎడమ కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. జనం ఎక్కారు. అన్ని సీట్లూ నిండాయి, ఆ ఒక్కటీ తప్ప. తలుపులు మూశాక ఎయిర్‌హోస్టెస్ ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చి, ఖాళీ సీట్లో బెల్టు వేలాడకూడదని రెండు కొసలూ కలిపి నొక్కింది.

సముద్రం దాటినంతసేపూ ఆ బెల్టు అలాగే ఉంది, ఒక బక్కపల్చని నడుముకి సరిపోయేంత చోటుని కరుచుకుని.