తోక మీద తెల్లరంగు

మూతపడిన విమాన సంస్థ చరిత్రను చూపించే ప్రదర్శనశాల కోసం షెడ్డులో నిలిపిన ఒక పాత విమానానికి మళ్ళీ రంగులు వేసే పని నాన్నకి వచ్చింది. ఒకప్పుడు ఆ సంస్థలోనే ఆయన పెయింటరు. తోక మీద సంస్థ పేరు సగం రాశాక, కింద నిలబెట్టిన చరిత్ర బోర్డు నన్ను చదవమన్నాడు.

మొదటి విమానం ఉంది. మొదటి విదేశీ ప్రయాణం ఉంది. ఎయిర్ హోస్టెస్‌ల యూనిఫారం ఎప్పుడెప్పుడు మారిందో కూడా ఉంది. కూలిపోయిన విమానం మాత్రం లేదు.

"సరిగ్గా చూశావా?"

"మళ్ళీ చదివాను నాన్నా. లేదు."

నాన్న నిచ్చెన దిగి ప్రదర్శనశాల మేనేజరు దగ్గరికి నడిచాడు.

"చరిత్రా సార్ ఇది? శుభలేఖలా అన్నీ శుభాలేనా? విమానం కూలిందని, మనుషులు పోయారని ఒక్క ముక్క రాయించండి."

"పిల్లలొచ్చే చోటు పెద్దాయనా. చావు కబుర్లెందుకు?"

"అందులో మా తమ్ముడున్నాడు."

"అయ్యో. అయినా ఎప్పటి మాట! సంస్థే పోయింది, నీకింకా కోపమెందుకు?"



విమానం ఎక్కడ కూలినా ముందు పెయింటరుని పంపడం ఆ సంస్థ పద్ధతి. ఫొటోల్లో తోక మీది సంస్థ పేరు కనబడకూడదు. ఆ రోజు పొలంలోకి అంబులెన్సు కంటే ముందు నాన్న ఎక్కిన పెయింటు బండి చేరింది. ప్రయాణికులకు భోజనాలు అందించే బాబాయి ఆ విమానంలోనే ఉన్నాడని ఆఫీసరుకి తెలుసు. పేరంతా తెల్లరంగు కింద మునిగాక, అప్పుడు నాన్నకి చెప్పాడు.

"కోపమెందుకా?" నాన్న గొంతు షెడ్డంతా మోగింది. "మనుషుల్ని బయటికి లాగకముందే పేరు దాచుకున్నార్రా ఆ సంస్థవాళ్ళు! ఇప్పుడా పేరు మీకు మళ్ళీ కావాలి. మనుషులు మాత్రం అక్కర్లేదా?"

"మర్యాదగా మాట్లాడు! నీలాంటి పెయింటర్లు వీధికి పదిమంది."

"పిలుచుకో, పదిమందినీ!"

నాన్న చేతిలోని బ్రష్షు నేను తీసుకున్నాను. విమానం పొట్ట మీద, పిల్లల కళ్ళకి అందే ఎత్తులో రాయడం మొదలుపెట్టాను. 'ఈ సంస్థ విమానం ఒకటి కూలింది. అందులో మా బాబాయి...'

"ఏయ్ అమ్మాయ్! చెరిపించేస్తా!"

నాన్న తెల్లరంగు డబ్బా మూత ఊడబెరికి అతని బూట్ల ముందు పెట్టాడు.

"ఎవరితోనో చెరిపించడం కాదు. ఈసారి నీ చేత్తో నువ్వే చెరుపు."

మేనేజరు డబ్బా వైపు చూశాడు గానీ వంగలేదు.

"నువ్వు రాయవే," అన్నాడు నాన్న నాతో. "ఇంకా పెద్ద అక్షరాలు."