దిబ్బ కొమ్ములు ఎటు తిరుగుతాయి

మా వారిలో లోపాలు వెతికే అలవాటు నాకు లేదు. వెతక్కుండానే దొరుకుతుంటే ఆ శ్రమ ఎందుకు? మనిషి మంచివారే. జీతం ఇంటికి తెస్తారు, తడి తువాలు మంచం మీదికి తెస్తారు. పెద్ద పెద్ద భవనాల్లో ఏసీ గొట్టాలు ఎటునుంచి ఎటు వెళ్ళాలో గీసే ఇంజనీరు. గాలి కబుర్లకి జీతం పుచ్చుకునే మనిషి మా రెండు వైపుల బంధువుల్లోనూ ఆయనొక్కరే. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది ఒకటుంది. తొమ్మిదో తరగతిలో జరిగిన ఒక సంగతిని ఆయన మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వలేదు.

పెళ్ళైన కొత్తలోనే అది నా చెవిన పడింది. ఒక సాయంత్రం కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చుంటే నా బొమ్మ గీస్తారేమోనని కొంగు సవరించుకున్నాను. ఇసుకదిబ్బ గీశారు. నెలవంకలా వంగి, రెండు కొసలూ కొమ్ముల్లా ముందుకు సాగిన దిబ్బ.

"గాలి ఇటునుంచి వీస్తోందనుకో. ఈ కొమ్ములు ఎటు తిరిగుండాలి?"

"మీ ఇష్టం," అన్నాను. అప్పట్లో నాకు మర్యాద ఎక్కువ.

"నా ఇష్టమేమిటి? గాలి ఎటు పోతే అటే. అంచుల్లో ఇసుక తక్కువ, గాలి దాన్ని తొందరగా నెట్టేస్తుంది. మధ్యలోది బరువు, వెనకబడిపోతుంది. అవునా?"

అవునన్నాను.

"అదే బోర్డు మీద గీశాను. టీచరు తప్పంది. కొమ్ములు గాలికి ఎదురుగా ఉంటాయంది. క్లాసంతా చూస్తుండగా నాచేతే చెరిపించి మళ్ళీ గీయించింది."

"ఎవరా టీచరు?"

"వంటింట్లో ఉంది," అన్నారు.

మా అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ భూగోళం చెప్పారు. రిటైరయ్యాక మాకు చెబుతున్నారు. మా భవనంలో పై అంతస్తు నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ టీచరుగారే. తప్పు ఒప్పుకోవడం ఆవిడకి చేతకాదని నేననను. అవసరం పడలేదంతే. కూరలో ఉప్పెక్కువైతే అది ఉప్పు తప్పు. మెట్టు తగిలి తూలితే మేస్త్రీ తప్పు. కొడుకు ఫోనులో ఎడారి ఫోటో చూపిస్తే, "ఇందులో గాలి కనిపిస్తోందా నీకు?" అని అడిగారు. పుస్తకం తెచ్చి చూపిస్తే, బొమ్మ అచ్చేసినవాడు తిరగేసి వేశాడన్నారు. కళ్ళతో చూసిందే నమ్ముతానని ఆవిడ, అయితే చూపిస్తానని ఈయన. చూపించడానికి ఎడారి మా వీధి చివర లేదు కదా.

అలాంటి సమయంలో మా భవనం సెక్రటరీ గారు ఎడారి నడుమ ఉన్న గుడికి బస్సు వేస్తున్నామని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఆయన మెళ్ళో ఎప్పుడూ విజిల్ ఉంటుంది. పార్కింగ్ కోసం కొన్నది, ఇప్పుడు అన్నిటికీ వాడుతున్నారు. కాగితం మీద జిగురు ఆరకముందే మా ఇంటి నుంచి నాలుగు పేర్లు ఇచ్చేశారు మా వారు. గుడి అంటేనే మోకాలు నొప్పి వచ్చే మనిషి.

"వాడికి భక్తి కుదిరిందే," అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"అవునత్తయ్యా, గాలి ఇటు మళ్ళింది," అన్నాను.

తీరా చూస్తే సెక్రటరీ గారి పథకంలో ఎడారి లేదు. ఉంది కానీ, కిటికీలోంచి. బస్సు తిన్నగా గుడి దగ్గరే ఆగుతుంది. మా వారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు లిఫ్టులో సెక్రటరీ గారు తగిలితే మాటల్లో మాటగా అన్నాను, "పక్క భవనం వాళ్ళు పోయినేడు దిబ్బల దగ్గర దిగి ఫోటోలు కూడా తీసుకున్నారటండీ." చివర 'ట' ఉంది కనుక అది అబద్ధం కిందికి రాదు. సాయంత్రానికి కొత్త కాగితం అంటింది. ముందు దిబ్బలు, తర్వాత గుడి.

బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చున్నారు. మా అమ్మాయి నానమ్మ పక్కన.

"ఇసుక చూడ్డానికి ప్రత్యేకం దిగాలా? మన వీధిలో ఇల్లు కడుతూ కుప్పలు పోశారుగా," అని అత్తగారు అందరికీ వినిపించేలా అన్నారు. నవ్వారు జనం. కానీ ఆవిడ కాళ్ళకి ఎప్పుడూ వేసుకోని బూట్లున్నాయి, మనవరాలివి. కళ్ళద్దాలు ఊరు దాటేలోపు ఎన్నిసార్లు తుడిచారో.

ఇళ్ళు పలచబడ్డాయి. తర్వాత చెట్లు. తర్వాత రోడ్డు అంచున ఇసుక మొదట పొడిపొడిగా, ఎవరో పిండి జల్లెడ పట్టినట్టు, ఆ తర్వాత దారి పొడుగునా.

"నానమ్మా, నిద్రొస్తోందా?"

"మాట్లాడకు," అన్నారు ఆవిడ, అద్దానికి నుదురు ఆనించి.

బస్సు ఆగింది. విజిల్ మోగింది. పొద్దు ఇంకా వాలుగానే ఉంది, దిబ్బలకి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. మా వారు సంచీలోంచి సన్నటి పుల్ల, దాని కొసకి అంటించిన టిష్యూ కాగితం ముక్క తీశారు. ఆఫీసులో గొట్టం మూతి దగ్గర గాలి ఎటు వస్తోందో చూసే సరంజామా అది. సంచీలో మంచినీళ్ళ సీసా పెట్టమంటే మాత్రం మరిచిపోయారు.

పెద్ద దిబ్బ ఎక్కడం మొదలుపెట్టాం. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు, నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. మా వారు జెండా పట్టుకున్నవాడిలా ముందు నడిచారు.

పైకి చేరాక ఆయాసం తీర్చుకుంటూ చూశాం. కింద మైదానమంతా చిన్న చిన్న దిబ్బలు, ఒక్కొక్కటీ నెలవంక. గోళ్ళు తీసి పరిచినట్టున్నాయి. అన్నిటి కొమ్ములూ ఒకే వైపు.

అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. ఇసుక మీద గాలి గీసిన గీతలుంటాయే, వాటిని వేళ్ళు ఆనీ ఆనకుండా నిమిరారు. "ఇదిగో, ఎక్కినవైపు ఏటవాలు. ఆ పక్క చూడు, నిటారు. ఇలాగే గీసేదాన్నే, అచ్చం ఇలాగే. సుద్ద అరిగిపోయేది," అన్నారు. నాతో అన్నారో, ఎవరితో అన్నారో. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. అందులో టీచరు లేరు, ముందు బెంచీలో కూర్చున్న పిల్ల ఉంది.

తర్వాత లేచి నిలబడ్డారు. కింద దిబ్బల్ని చూస్తూ గాల్లో చూపుడువేలితో ఒక వంపు గీశారు. కొమ్ముల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. ఆవిడ కొంగు భుజం మీదనుంచి లేచి ముందుకు ఎగురుతోంది. మా వారి పుల్లకున్న కాగితమూ అటే ఎగురుతోంది. కింద కొమ్ములన్నీ అటే ఉన్నాయి.

నేను మా వారి వైపు చూశాను. నా కాపురమంతా ఈ క్షణం గురించి విన్నదాన్ని. ఇప్పుడు చూడకపోతే ఎలా?

అత్తగారు కొంగు లాగి నడుముకి చెక్కుకున్నారు. "గుడి తలుపులు ఎప్పుడు మూస్తారో," అన్నారు.

మా వారు పుల్లని తిరిగి సంచీలో పెట్టేశారు. 

దిగేటప్పుడు నేను వెనకబడి ఆయన్ని పట్టుకున్నాను. "అడగరేం?"

"ఏం అడగను? అమ్మ మొహం చూశావా?"

"చూశాను. ఇన్నేళ్ళు నన్ను చంపుకుతిన్నారు, ఇప్పుడు జాలా?"

"జన్మంతా ఎడారి పాఠం చెప్పి, ఇవాళ మొదటిసారి చూసింది. దాన్ని కూడా పాడుచెయ్యమంటావా?" అని, బూటు విప్పి ఇసుక దులుపుకున్నారు. చాలాసేపు దులిపారు.

తడి తువాళ్ళన్నీ ఆ నిమిషంలో మాఫీ చేశాను. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు, చెబితే అలవాటవుతుంది.

గుడి ఇసుక రంగు రాయితో కట్టారు. దూరం నుంచి చూస్తే అదీ ఒక దిబ్బే అనిపించింది, దగ్గరికి వెళ్తే స్తంభం స్తంభానికీ లతలు, ఏనుగులు, గంటలు మోసే బొమ్మలు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల నేల చల్లగా ఉంది. అరికాళ్ళు హమ్మయ్య అన్నాయి. దర్శనం అయ్యాక అత్తగారు మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. పక్కనే కూర్చున్నాను.

"దేవుణ్ణి ఏం కోరుకున్నారత్తయ్యా?"

"కోరుకోలేదు. ఎంతమంది పిల్లలకి చెప్పానో గుర్తుచేసుకుంటుంటే హారతి అయిపోయింది."

దేని గురించో అడగనక్కర్లేదు. అన్నాను, "వాళ్ళెవరికీ ఎడారిలో పనిపడి ఉండదులెండి."

"ఒకడికి పడింది," అన్నారు. మండపం అవతల మా అమ్మాయికి ఏనుగు బొమ్మలు చూపిస్తున్న కొడుకు వైపు చూస్తున్నారు. "చెరపమంటే చెరిపాడు. ఎదురు చెప్పలేదు. సుద్దపొడి మొహమంతా పడింది వాడికి. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. బడిలో టీచర్ని కదా, ఇంట్లోనూ టీచర్నే అనుకున్నాను."

 

ఇంతలో మా కింది అంతస్తు పళ్ళ డాక్టరు గారు వచ్చి ఎదురుగా కూలబడ్డారు. ఆయన వెనకే సెక్రటరీ గారు, మా వారు, మా అమ్మాయి. ఎడారి గురించి తెలిసిన మనిషి ఉండగా ఊరుకోవడం డాక్టరు గారి వల్ల కాలేదు పాపం.

"టీచరుగారూ, ఒక సందేహం. ఆ దిబ్బలకి కొమ్ముల్లా ఉన్నాయి కదండీ. అవి గాలికి ఎదురుగా ఉంటాయా, గాలి పోయే వైపు ఉంటాయా? అక్కడ అడుగుదామంటే ఈయన విజిల్ ఊదేశారు."

  నా పక్కనున్న అత్తగారి చెయ్యి నేల మీద ఒక వంపు గీసి ఆగిపోవడం చూశాను.

"గాలికి ఎదురుగానే డాక్టరుగారూ," అన్నారు మా వారు, తల్లి పక్కన కూర్చుంటూ. "మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. నేనే తప్పు గీశాను."

 ఇన్నేళ్ళు పట్టుకు వేలాడిన బొమ్మని మనిషి తనచేతులతోనే రెండోసారి చెరిపేసుకుంటున్నారు, అదీ నవ్వుతూ. పళ్ళ డాక్టరు గారు అలాగా అని తలూపుతున్నారు. సెక్రటరీ గారు బస్సుకి టైమైందంటున్నారు. అంతటితో అయిపోయేదే.

"ఒరేయ్, లేచి నిలబడు," అన్నారు అత్తగారు.

మా వారు లేచారు. జుట్టు నెరిసిన మనిషి, కింద పదిమంది పనిచేసే ఇంజనీరు, మండపం మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ చెప్పు. ఎటుంటాయి?"

"ఎదురుగా... అమ్మా, నువ్వేగా..."

"నేను చెప్పింది కాదు, నువ్వు చూసింది చెప్పు. పైన నా కొంగు ఎటు ఎగిరింది?"

"ముందుకి."

"కొమ్ములు ఎటున్నాయి?"

ఆయన నా వైపు చూశారు. నేను స్తంభం మీది ఏనుగు వైపు చూశాను. తల్లీకొడుకుల మధ్య అందించడానికి నా దగ్గర జవాబులేమీ లేవు.

"అటే," అన్నారు చివరికి, చిన్నగా.

"మరి ఎదురుగా అని ఎందుకు చెప్పావు? నేను బాధపడతాననా? నా కోసం తప్పు జవాబు చెప్తావా? అలా పెంచానా నిన్ను?"

"పోనివ్వండి టీచరుగారూ," అన్నారు సెక్రటరీ గారు, విజిల్ నలుపుతూ. "చిన్న విషయం."

"చిన్నది కాదండీ. మీరూ కూర్చోండి."

సెక్రటరీ గారు కూర్చున్నారు.

అత్తగారు స్తంభం పట్టుకుని మెల్లగా లేచారు. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దన్నారు. కొడుకు ఎదురుగా నిలబడి, ఆయన చొక్కా భుజం మీద మిగిలిన ఇసుక దులిపారు. "దిబ్బ కొమ్ములు గాలి పోయే వైపే ఉంటాయి డాక్టరుగారూ. తొమ్మిదో క్లాసులో మా వాడు సరిగ్గా గీశాడు. చెరిపించింది నేను."

"అమ్మా, ఇప్పుడెందుకు..."

"మధ్యలో మాట్లాడకు," అన్నారు, వెనక బెంచీ దాకా వినిపించే ఆ పాత గొంతుతో. "తప్పు నాది."