లేత్ వెళ్ళే రోజు

ఎంత బిగించినా పైపు జాయింటు దగ్గర ఆయిల్ మళ్ళీ చెమర్చింది. ఎర్రటి బొట్టు ఒకటి కాసేపు వేలాడి, ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్న పెద్దమేస్త్రీ చెంప మీద పడింది. తుడుచుకునే ఓపిక కూడా లేదు. పొద్దుటి నుంచీ ఇదే వరస. స్పానరు జారి వేలి కణుపుల మీద తోలు లేచిపోయింది. ఆయిల్ కూలర్‌ని పట్టి ఉంచే బద్దీ బోల్టు రంధ్రానికి గోరంత దూరంలో ఆగిపోయింది. దాన్ని ఆకురాయితో అరగదీసి ఎలాగో కూర్చోబెడితే, ఇప్పుడు ఈ జాయింటు ఏడుపు. వస్తువులన్నీ కూడబలుక్కుని తన మీద పగబట్టాయనిపించింది.

వీపు కింద నేల సన్నగా అదురుతోంది. అంటే షెడ్డు లోపల ఇనుము చెక్కే లేత్ ఇంకా తిరుగుతోందన్నమాట. ఒళ్ళు మండిపోయింది. ఈపాటికి విప్పి ట్రైలరు మీదికి ఎక్కించాల్సిన మిషన్ మీద తమ్ముడు తీరుబడిగా ఏదో తిప్పుకుంటున్నాడు.

"ఒరేయ్, దాన్ని విప్పుతావా, దాంతోనే కాపురం చేస్తావా?" అని కింద నుంచే అరిచాడు.

తమ్ముడు వచ్చి వంగి, అన్న మొహానికి ఎదురుగా మొహం పెట్టి గట్టిగా అన్నాడు. "అయిపోవచ్చింది అన్నయ్యా. చిన్న పని."

"ఈ రోజే గుర్తొచ్చిందా నీ చిన్న పని" అని గొణుక్కుంటూ పెద్దమేస్త్రీ మళ్ళీ జాయింటు విప్పాడు.

అతనికి చిన్నప్పుడు చెవులు చీము కారి వినికిడి పోయింది. ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప మాట అందదు. తమ్ముడికేమో జాకీ కమ్మీ ఎగిరి ముక్కు మీద కొట్టినప్పటి నుంచి వాసన తెలియదు. షెడ్డుకు ఏ బండి వచ్చినా, పొడవాటి ఇనుప కడ్డీ ఒక కొస గేర్‌బాక్స్‌కూ, రెండో కొసనున్న చెక్క పిడి చెవికీ ఆనించి తమ్ముడు వినేవాడు. అన్న ఆయిల్ పుల్ల పైకి తీసి వాసన చూసేవాడు. ఇద్దరూ కలిస్తే ఒక మేస్త్రీ అని బండ్లవాళ్ళు వేళాకోళం చేసేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు తమ్ముడికి కొండ అవతల మామగారి షెడ్డు దొరికింది. ఒక్క షెడ్డు మీద రెండు సంసారాలు లాగడం ఇక కుదరదని ఇద్దరికీ తెలుసు. వాటాలో లేత్ తమ్ముడికి వచ్చింది. దాన్ని కొండ దాటించాల్సిన ట్రక్కు ఆటోమేటిక్ గేర్లది, మామూలు సామాను మోయడానికి చేసిన బండి. కిందటి వారం ట్రైలరు నిండా ఇనప తుక్కు వేసి ఎత్తు ఎక్కిస్తే, పై గేరా కింది గేరా తేల్చుకోలేక కొట్టుకులాడి ఆయిలంతా మాడ్చుకుంది. దాన్ని బరువు లాగే బండిగా మార్చే పని అన్న నెత్తిన పడింది. తన చెవులను తనే బండెక్కించి పంపించుకోవడానికి ఈ గాడిదచాకిరీ అంతా అనుకుంటే అతనికి దుఃఖం కన్నా ముందు కోపం వచ్చేది.

మధ్యాహ్నం పెద్దమేస్త్రీ భార్య అన్నం క్యారియర్ తెచ్చింది. ముగ్గురూ పాత టైర్ల మీద కూర్చున్నారు.

"రేపటి నుంచి ఈయనతో అరవలేక నా గొంతు పోతుంది" అంది ఆమె మరిదితో. "నేను పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. బల్ల మీద చెంప ఆనించి కునుకు తీస్తున్నప్పుడు మాత్రం ఆ బల్ల మీదే మిక్సీ వేశానో, గోల గోల అని లేచి కూర్చుంటారు. ఏం చెవులో ఏమిటో."

"అందుకేగా వదినా..." అని తమ్ముడు ఏదో చెప్పబోయి నవ్వి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

అతను షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళగానే ఆమె భర్త మొహానికి దగ్గరగా వచ్చి గట్టిగా అంది. "ఈ బండి లాగదని చెప్పండి. మీరంటే నమ్ముతాడు. ఇంకో ఏడాది ఉంటాడు."

పెద్దమేస్త్రీ చేతిలో ముద్దను మళ్ళీ గిన్నెలో పెట్టాడు. ఆ మాట తనకూ ఎన్నోసార్లు నోటి చివరిదాకా వచ్చింది.

"లాగుతుందే" అన్నాడు. "అదే నా బాధ."

సాయంత్రానికి జాయింటు కారడం మానింది. రేడియేటర్ ముందు కూలర్ కుదురుగా నిలబడింది. ఆయిల్ ఎక్కువ పట్టేలా లోతైన తొట్టె బిగించాడు. గేరు జారకుండా గట్టిగా పట్టేందుకు లోపలి వాల్వులో స్ప్రింగు మార్చాడు. ఎత్తు మీద పై గేరు పడకుండా ఆపే స్విచ్ ఒకటి, ఆయిల్ వేడి చూపించే మీటరు ఒకటి డ్రైవరు ఎదురుగా పెట్టాడు.

"నీ ముక్కుకు మాడు వాసన తెలియదు కదా. ఈ సూదే నీ ముక్కు. ఎర్రగీత తాకిందంటే పక్కన ఆపి చల్లారనివ్వు. మొండికెయ్యకు."

"సరే అన్నయ్యా."

"సరే అనడం నీకు బాగా వచ్చు."

గొలుసు కప్పీతో లేత్‌ని ట్రైలరు మీదికి దించి, మోకులు బిగించి, క్వారీ వెనక ఎత్తు ఎక్కించారు. తమ్ముడు నడుపుతూ వింటున్నాడు. అన్న సూదినే చూస్తున్నాడు. అది సగం దాకా వచ్చి ఆగింది. పైన బండి ఆపాక తమ్ముడు బొటనవేలు ఎత్తి, గేర్లలో కేక లేదు, పట్టు బాగుందన్నాడు. పెద్దమేస్త్రీ దిగి ఆయిల్ పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన శుభ్రంగా ఉంది. తుడిచి, ముంచి, మళ్ళీ చూశాడు. కాస్త మాడితే బాగుండునని ఆశపడ్డాడు, అలా ఆశపడినందుకు సిగ్గుపడ్డాడు కూడా. మాడలేదు.

"బాగుంది. ఇక బయల్దేరు" అన్నాడు.

షెడ్డు దగ్గర అన్నను దించి తమ్ముడు బండి కదిలించాడు. మలుపు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. వినపడలేదు. వేలితో తన పళ్ళు చూపిస్తున్నాడు. నవ్వమంటున్నాడు కాబోలు, నవ్వడానికి ఇప్పుడేం మిగిలిందని పెద్దమేస్త్రీకి ఒళ్ళు మండింది. చెయ్యి కూడా ఊపలేదు. ట్రైలరు మలుపు తిరిగిపోయింది.

లోపల లేత్ ఉన్నచోట సిమెంటు తెల్లగా, నలుచదరంగా మిగిలింది. చుట్టూ బోల్టులు నేలలోంచి లేచి ఉన్నాయి. గోడ మేకుకు తమ్ముడి కడ్డీ వేలాడుతోంది. మరిచిపోయాడు, చెవిటివాడికి ఇదెందుకని విసుక్కుంటూ తీశాడు. చెక్క పిడి లేదు. దాని చోట కొత్త ఇత్తడి ముక్క, చుట్టూ వేలి గోరు పట్టేంత గాడి. పొద్దుటి చిన్న పని ఇదన్నమాట. వేలితో పళ్ళు చూపించడం గుర్తొచ్చింది.

రిపేరుకొచ్చిన కారు ఒకటి మూల ఉంది. దాన్ని స్టార్టు చేసి, కడ్డీ కొసను గేర్‌బాక్స్‌కు ఆనించి, ఇత్తడి గాడిని పళ్ళతో పట్టుకున్నాడు. దవడలోంచి తల లోపలికి ఆయిల్ పంపు సన్నటి కూత, దాని వెనక ఒక పళ్ళచక్రం గరగర ఎక్కి వచ్చాయి. ఇన్నేళ్ళూ తమ్ముడు నోటితో చెప్పిన చప్పుడు ఇదేనా అనుకున్నాడు. కళ్ళు నిండాయి. బయటికి పరిగెత్తాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

తిరిగి వచ్చి ఇంజను ఆపాడు. కడ్డీని మేకుకు తగిలించాడు. ఇత్తడి మీద లేత్ గీసిన సన్నటి చారలు ఉన్నాయి, గాడిలో అతని పళ్ళ తడి ఇంకా ఆరలేదు.