బస్సు రాని బెంచీ

కౌన్సిల్ మీటింగు ఉన్న రోజు మార్జరీకి పొద్దున్నే పని మొదలవుతుంది. కేకు చేయాలి, ఊరి హాల్లో కుర్చీలు సర్దాలి, అందరికీ టీ ఇవ్వాలి, అందరూ వెళ్ళాక కప్పులు కడగాలి. ఆ కౌన్సిల్ అధ్యక్షుడు ఆమె భర్త క్లిఫర్డ్. కప్పు కడగడం ఆయన అధికారాల్లో లేదు.

మా పారిష్ కౌన్సిల్, అదే మా ఊరి పంచాయతీ, అధికారాలంటే ఆషామాషీ కాదు మరి. శ్మశానంలో గడ్డి కోయించొచ్చు. కాలిబాటకి అడ్డంపడ్డ కొమ్మ తీయించొచ్చు. బెంచీ వేయించొచ్చు, వేయించినదాన్ని పీకించొచ్చు. దీపస్తంభం మీద చర్చ మొదలైన రోజు నాటిన ఓక్ మొక్క, చర్చ ముగిసేసరికి ఆ దీపాన్నే కప్పేసింది. నమ్మకపోతే వచ్చి చూసుకోండి.

ఈసారి వంతు చర్చి పక్కన ఒకప్పుడు బస్సాగిన చోటున్న బెంచీది.

"రాని బస్సుకి బెంచీ ఎందుకు? పీకించేద్దాం," అన్నాడు క్లిఫర్డ్ భోజనం చేస్తూ, పేపరు మీంచి తలెత్తకుండా.

మార్జరీ చేతిలో గరిటె ఆగిపోయింది. మధ్యాహ్నాలు ఆమె కూర్చునేది అక్కడే. ఇంట్లో కుర్చీలకేం తక్కువ లేదు, కానీ ఏ కుర్చీలో కూర్చున్నా ఎదురుగా చేయాల్సిన పని ఒకటి కనబడుతుంది. బెంచీ మీదైతే దారిన పోయేవాళ్ళు "ఏం మార్జరీ, ఎండ కాస్తోందే!" అంటారు. ఆ ఒక్క మాటతో ఆమెకి రోజు గడుస్తుంది. క్లిఫర్డ్ మాట్లాడడని కాదు. "టీ అయిందా", "నా కళ్ళద్దాలేవి", "నీకు తెలీదులే" అంటాడు, అవీ మాటలే. ఆమె ఏదైనా చెప్పబోతేనే సగంలో లేచి రేడియో పెడతాడు. పెళ్ళైన కొత్తల్లో మిగిలిన సగాన్ని మర్నాటికి దాచుకునేది. రానురాను మొదటి సగం కూడా మానేసింది.

"క్లిఫ్, మీ కౌన్సిల్లో ఖాళీ అయిన సీటుకి సభ్యుడెవరైనా దొరికారా?"

"ఒక్కడూ రాలేదు. ఎన్నిక పెట్టమని అడిగిన నాథుడూ లేడు. ఇక మేమే ఎవర్నో ఒకర్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టుకోవాలి."

"నేనున్నాగా."

ఆయన పేపరు దించి నవ్వాడు. "మరి టీ ఎవరిస్తారు?"

మీటింగు రోజు ఆమె కేకు చేయలేదు. ఊరివాళ్ళు మాట్లాడేందుకు ఇచ్చే కాసేపట్లో లేచి నిలబడి, ఆ సీటు తనకి కావాలంది. క్లర్కు డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, మీ ఆవిడ విషయం కాబట్టి మీరు ఓటెయ్యకూడదు. కాసేపు బయటికెళ్ళాలి."

"నా మీటింగులోంచి నన్నేనా?"

"రూలు అలా ఉందండి."

"వెళ్ళవయ్యా క్లిఫ్," అన్నాడు పందులు పెంచే రస్కో. "మా ఇంట్లో రూల్లేకుండానే నేనెప్పుడూ బయటే."

క్లిఫర్డ్ తిరిగొచ్చేసరికి మార్జరీ రస్కో పక్కన సభ్యురాలై కూర్చునుంది. ఆయన ఆమె వైపు చూడకుండా తర్వాతి అంశం చదివాడు.

"బెంచీ. బస్సూ లేదు, కూర్చునేవాళ్ళూ లేరు. ఎవరైనా ఏమైనా అంటారా?"

మార్జరీ చెయ్యెత్తింది. చెయ్యెత్తిన సభ్యురాలిని ఆపడానికి అధ్యక్షుడికి దారేం దొరకలేదు.

"కూర్చునేవాళ్ళున్నారు, అధ్యక్షా. రోజూ మధ్యాహ్నం నేను కూర్చుంటాను. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేక."

రస్కో తన బూట్ల వంక చూసుకున్నాడు. డెస్మండ్ కలం గాల్లోనే ఉండిపోయింది. క్లిఫర్డ్ మొహం ఎర్రబడింది.

"సరే సరే, విన్నాం. ఇక ఓటింగు..."

"నేనింకా పూర్తి చెయ్యలేదు," అంది మార్జరీ.